కెమెరా మీద కప్పిన తువ్వాల

గొప్ప దర్శకుడని ఎవరిని అంటాం? పోయిన శనివారం మహబూబాబాద్‌లో స్నేహితురాలి ఇంట్లో ఈ ప్రశ్న మీద అన్నం చల్లారిపోయేదాకా కొట్లాడుకున్నాం. సాయుధ పోరాటం మీద నలభై ఏళ్ల కిందట తీసిన సినిమా ఒకటి అప్పుడే మరోసారి చూశాం. అందులో ఊరి మీద పడ్డ రజాకారు కళ్లలో ఒక పెద్దామె కారం కొడుతుంది. వాడు మోకాళ్ల మీద కూలబడి అరుస్తాడు. అంతలోనే తెర నల్లబడుతుంది, అరుపు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ఆ చీకటిని ఊహించడమే గొప్పతనమని నేను, నటుడి చేత అలా అరిపించడమే గొప్పతనమని తను. ఎటూ తేలలేదు. ఆ సీను తీసిన ఊరు మొగుళ్లపల్లి దగ్గరే ఉందని తెలిసి, చూసే వద్దామని బయల్దేరాను.

పొద్దున ఏడింటికి మా జనగామలో హన్మకొండ బస్సెక్కాను. అక్కడ మారి పరకాల, పరకాలలో మారి మొగుళ్లపల్లి. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే కాబట్టి నాకైన ఖర్చల్లా పరకాలలో తిన్న మిర్చి బజ్జీలు, చివర్లో ఎక్కిన ఆటో.

"గాడ సూసేదేమున్నదక్కా, పత్తి చేన్లు తప్ప," అన్నాడు ఆటో నడిపే అన్న. "సినిమాల కారం కొట్టింది సారక్క వాళ్లవ్వనే. ఆమె లేదిప్పుడు. సారక్క ఇంటికాడ దింపుత."

సారక్కకు అరవై దాటాయి. వాకిట్లో కందులు చెరుగుతోంది. మీ అమ్మ ఎంత బాగా నటించిందో అన్నాను. ఆమె చేట ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"నటించుడేంది బిడ్డా? గది నిజం కారం."

చేట పక్కనే కూర్చుని, ఎలాగని అడిగాను.

దర్శకుడు రాసుకొచ్చిన కథ ప్రకారం ఆడవాళ్లంతా చేతులు జోడించి ఏడవాలట. పోరాటం రోజుల్లో సారక్క తల్లి పెళ్లీడు పిల్ల. డప్పు మోగిందంటే రజాకార్లు వస్తున్నారని గుర్తు. ఆడవాళ్లు రోకళ్లు, కారం పట్టుకుని గుమ్మాల్లో నిలబడేవాళ్లు. ఇది షూటింగని ఆమెకు తెలుసు. అయినా డప్పు మోగింది, ఆ బట్టల్లో మనిషి గడప దాకా వచ్చాడు. పొద్దున దంచిన కారం రోట్లోనే ఉంది.

"ఆయన కిందవడి కొట్టుకుంటాంటే సోయికొచ్చింది మా అవ్వకు. 'అయ్యో, ఎవలు కన్న కొడుకో, కండ్లు పోతయే' అని నెత్తి కొట్టుకున్నది. నాకప్పుడు చంటిపిల్ల. పాలు పిండవే అన్నది. గా రజాకారు బట్టల మనిషి తలకాయ ఒళ్లె పెట్టుకొని కండ్లల్ల పాలు పిండిన."

"అందరి ముందరా?"

"పానం మీదికొస్తే సిగ్గేంది? కెమెరా పిలగాడే జర మా దిక్కు తిప్పిండు. డైరెక్టర్ సారు ఉరికొచ్చి, భుజం మీది తువ్వాల దానిమీద కప్పిండు. 'ఇది మనది కాదు, తియ్యొద్దు' అన్నడు. సప్పుడు పట్టే మిషిని బంద్ చేసుడు ఎవలకూ యాదికి లేదు."

మేం గంటసేపు వాదించుకున్న చీకటి ఒక తువ్వాలా!

నటుడి కళ్లు దక్కాయి. ఆ సాయంత్రం దర్శకుడు వాళ్లింటికొచ్చాడు. తిడతాడేమోనని ముసలామె వణికిపోతుంటే, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఒకటే అడిగాడట: "అవ్వా, ఇంకేం తప్పు రాశాను?"

"'ఏడిపించినవ్ కొడుకా. మేం ఏడ్వలే,' అన్నది మా అవ్వ," అంది సారక్క. ఆ సినిమాలో ఏ ఆడమనిషీ చేతులు జోడించదు. అన్నిసార్లు చూసినా నేనది గమనించనేలేదు.

గొప్ప దర్శకుడంటే దేన్నయినా చూపించగలిగినవాడు అనుకునేదాన్ని. సారక్కను తెరమీద చూపిస్తే జనం గుండెలు బాదుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. తెలిసే తువ్వాల కప్పాడు, తెలిసే కథ మార్చుకున్నాడు. నాకు కోపమొచ్చినంత పని అయింది, ఇంత పెద్ద విషయం ఆయన ఎవరికీ చెప్పుకోకుండా పోయినందుకు.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఫోన్ సంచిలో ఉంచండి, రమ్మని పిలిచిన ఇంట్లోనే కూర్చోండి, పొద్దుగూకక ముందే పరకాల చేరుకోండి. "రాసుకో బిడ్డా, ఫోటో మాత్రం వద్దు, ఊరి పేరూ వద్దు," అంది సారక్క. తిరుగు బస్సులో ఫోన్‌లో ఆ సీను మళ్లీ పెట్టుకున్నాను. తెర నల్లబడ్డాక అరుపు మెల్లమెల్లగా సన్నగిల్లుతుంది. ఎందుకు తగ్గుతుందో ఇన్నేళ్లూ నాకు తెలియదు.