పెత్రామాస పెగ్గు

జహనుమాలో గోనెసంచుల టోకు వ్యాపారం చేసే పురుషోత్తానికి అరవై దాటినా ఒక అలవాటు పోలేదు. సంతోషమొస్తే దాచుకోలేడు. కూతురు సాయిప్రియ ఆఫీసు పని మీద జపాన్ వెళ్లి విస్కీ తెచ్చిన నాటి నుంచి, సంచులు కొనడానికొచ్చిన వాళ్లకు ధర కన్నా ముందు సీసా సంగతి చెప్పేవాడు. మన మందు కంటే చాలా ఘాటు, సగానికి పైన ఆల్కహాలే అని కూతురు చెబితే, తానే కాచినట్టు ఛాతీ విరుచుకున్నాడు.

అయినా మూత తీయలేదు. తొలి గుక్క బాపుదే.

బాపు కైలాసం బతికినన్నాళ్లూ సంచులు కుట్టాడు. పొద్దుగూకితే ఒక పెగ్గు, దాని నిండా థమ్సప్. మందు నచ్చితే మాత్రం ఎడమ కన్ను మూసి మోకాలి మీద ఛట్టున చరిచేవాడు. ఎవరి పెళ్లిలోనో మంచి సీసా దొరికిన రోజు, ఆ ఒక్కసారే కొడుకు, కోడలు అది చూశారు. ఫారిన్‌ది తాగిస్తానని కొడుకు అప్పుడే మాటిచ్చాడు. అది నెరవేరకముందే ముసలాయన పోయాడు. అందుకే పోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ వండిపెట్టే పెత్రామాస కోసం పెళ్లికొడుకులా ఎదురుచూశాడు పురుషోత్తం.

ఆ రోజు ఫోటో ముందు విస్తరి వేసి, బగారన్నం, మటన్ కూర వడ్డించి, ఊదు వేశారు. గ్లాసు దగ్గరికొచ్చేసరికి లొల్లి మొదలైంది. భార్య నాగమణమ్మ థమ్సప్ తెప్పించి పెట్టింది. పెద్దలు బతికుండగా ఎలా తాగారో అలాగే పెట్టాలి, లేకుంటే ముట్టరని ఆమె పట్టు. ఇంత మంచిదాంట్లో అది పోస్తే పాపం తగులుతుందని కూతురు. పురుషోత్తానికి చెమటలు పట్టాయి. తప్పు చేస్తే మళ్లీ ఏడాది దాకా బాపు రాడు.

"బాపు థమ్సప్ కలిపింది రుచి కోసం కాదే," అన్నాడు చివరికి. "ఆ మందు రుచి తెల్వద్దని."

సీసా మూత తీసి గ్లాసులో విస్కీ వంచి, చెంచాడు నీళ్లు మాత్రం పోశాడు. పెద్దలు తినిపోవాలని తలుపు దగ్గరగా వేసి అందరూ బయట నిలబడ్డారు. పురుషోత్తం ఆగలేక సందులోంచి తొంగిచూడబోతే నాగమణమ్మ చెయ్యి పట్టి లాగింది.

తలుపు తీశాక గ్లాసు ప్రసాదంగా ఆయన చేతికొచ్చింది. వాసన చూశాడు. మగ్గిన చక్కెరకేళి, మాడబోయే పాకం, అప్పుడే చెక్కిన చెక్క. గుక్క వేశాడు. నాలుక మీద మిరియాలు పగిలినంత మంట, కళ్లలో నీళ్లు. తర్వాత ఆ మంటలోంచే తేనె దిగింది. మింగినా పోకుండా చెవుల దాకా వెచ్చగా పాకింది. ఇన్నేళ్లూ తాగిందేమిటని కోపం, ఇదైనా దొరికిందని పట్టరాని ఆనందం. కూతురితో ఏదో అనబోతుండగానే ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది. చెయ్యి లేచి మోకాలి మీద ఛట్టున పడింది.

పురుషోత్తం ఎన్నడూ అలా చరిచిన మనిషి కాదు. అన్నం పెడుతున్న నాగమణమ్మ గరిటె ఆపి, గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది.

"మామ తాగిండు," అన్నది.