పడవ సామానుతో కట్టిన నీడ

పోయిన చలికాలం సఖీర్ ఎడారిలో, అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు పక్క గుడారం ఆవిడ నాతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

దానికి కొంచెం ముందు, మా కారవాన్ గోడకి బట్టలారేసే తాడుతో నేను కట్టిన నీలం టార్పాలిన్ గాలికి ఊడిపోయింది. ఊడింది ఊరుకోకుండా ఎగిరి వెళ్ళి, బోలెడంత ఇసకతో సహా ఆవిడ వండిన బగారా అన్నం గిన్నె మీద పడింది. నేను పరిగెత్తి తీశాను. క్షమించమన్నాను కూడా. మావారిని అన్నా అని పిలిచే ఆవిడ, గిన్నెలోకి ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"అన్నను లోపట్నే కూసోబెట్టరాదు వదినా. ఏసీ ఉన్నది, కిటికీ ఉన్నది. ఈ గుడ్డలన్నీ ఎందుకు?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆవిడది కరీంనగర్ వైపు, మాది కాకినాడ. బహ్రెయిన్‌లో చలికాలం వస్తే ఊరంతా ఎడారిలో గుడారాలు వేసుకుంటుంది. మేము నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి ఒకచోట దిగుతాం. వాళ్ళవి గుడారాలు, మాది కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న కారవాన్. లోపల ఒక మంచం, ఒక పొయ్యి పడతాయి, అంతే. మావారు సిత్రాలో ఒక కాంట్రాక్టు ఆఫీసులో పనిచేస్తారు. వారమంతా అక్కడి చమురు ట్యాంకుల మధ్య గడిపి, శుక్రవారం పొద్దున కారవాన్ ముందు మడతకుర్చీ వేసుకుని, ఇసకలో కాళ్ళు చాపుకుని టీ తాగడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. సినిమాలు లేవు, పేకాట లేదు.

రెండేళ్ళ క్రితం ఆయనకి ఒక మందు మొదలుపెట్టారు. అది వాడుతుంటే ఎండ తగలకూడదు. తగిలితే చర్మం కాలినట్టు ఎర్రబడి పొక్కులు లేస్తాయి. మందు మానడానికి లేదు. అందుకే టార్పాలిన్ కట్టాను. అది ఊడిపోయాక ఆ రోజంతా ఆయన లోపలే ఉండిపోయారు. స్టేషన్లో ఆగిన రైలు కిటికీలోంచి చూస్తున్నట్టు మమ్మల్ని చూస్తూ, నేను అటు చూసినప్పుడల్లా టీ గ్లాసు పైకెత్తి చూపించారు. బాగానే ఉన్నానని చెప్పడానికి.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో అన్నారు, "కారవాన్ అమ్మేద్దామోయ్. ఊరికే పడి ఉంటుంది."

"ఇంకొక్క సీజన్ చూద్దాం," అన్నాను.

"సరే. అప్పుడూ లోపలే కూర్చోవలసివస్తే అమ్మేద్దాం." బట్టతల మీద చెయ్యి వేసుకుని అన్నారు. ఆయన అలా చెయ్యి వేసుకుంటే ఆ మాట ఖాయమన్నట్టు.

పడవ సంగతి ఆయనే కనిపెట్టారు. సిత్రా ఒడ్డున పడవలు బాగుచేసే యార్డు ఒకటి ఉంది. అందులో ఎవరో వదిలేసి వెళ్ళిన పాత తెరచాప పడవ పక్కకి ఒరిగి పడి ఉండేది. ఒక సాయంత్రం ఎండ తగ్గాక నన్ను తీసుకెళ్ళి చూపించారు. గేటు దగ్గర వాచ్‌మన్ నా చీర చూసి, "మేడమ్, ఇధర్ సబ్జీ నహీ మిల్తా," అన్నాడు, ఇక్కడ కూరగాయలు దొరకవని. వాడి ముఖం కూడా నాకు గుర్తుంది.

పడవలో తెరచాప కట్టే స్తంభం అల్యూమినియంది. దాని వెనకవైపు పైనుంచి కిందదాకా సన్నటి గాడి ఉంది. తెరచాప అంచులో తాడు పెట్టి కుడతారట. ఆ తాడు ఉన్న అంచుని గాడిలోకి ఒక చివర్నుంచి దూర్చి లాగితే జారుతూ వెళ్ళిపోతుంది. గాడి మూతి సన్నం, తాడు లావు. ఎంత గాలి వచ్చినా గుడ్డ బయటికి ఊడిరాదు. మావారు ఆ గాడిలో బొటనవేలు పెట్టి, పసిపిల్లాడి చిగుళ్ళు తడిమినట్టు తడిమారు.

"గాలికి నిలబడటం కోసమే చేశారు దీన్ని," అన్నారు. "మనం దీన్ని అడ్డంగా కారవాన్ పైఅంచుకి బిగిస్తే?"

యార్డు యజమాని పెద్దాయన, ఇక్కడివాడే. మీకు పడవ ఉందా అని అడిగాడు. లేదు, కారవాన్ ఉందని చెప్పాం. అతను పొట్ట పట్టుకుని చాలాసేపు నవ్వాడు. తరవాత "ఖలాస్, తీసుకెళ్ళండి" అని తనే రంపం తెప్పించి గాడి ఉన్న ముక్కలు కోయించి ఇచ్చాడు. దానితోపాటు రెండు కప్పీలు, తాడు చుట్టి బిగించే రెండు కొమ్ముల ఉక్కు ముక్కలు కూడా ఇచ్చాడు. ఇచ్చాడు కాబట్టి ఆ నవ్వు గురించి ఎక్కువ రాయను.

గాడి ముక్కని మావారు కారవాన్ పైఅంచు పొడవునా మరలతో బిగించారు, వాన నీరు దిగకుండా లప్పం పూశారు. ఉక్కు ముక్కలు తలుపు పక్కన పెట్టారు, గాలి ఎక్కువైతే గుమ్మంలోంచే తాడు వదులు చెయ్యడానికి. అదంతా పొద్దుగూకాక మా బిల్డింగు పార్కింగులో చేసిన పని. గుడ్డ కుట్టడం నా వంతు. మందపాటి కాన్వాసు తెచ్చి, అంచు మడిచి కుట్టి, లోపల తాడు ఎక్కించాను. పార్కింగులో ఒకసారి ఎక్కించి చూద్దామంటే అక్కడ గుడారాలు వెయ్యకూడదని బిల్డింగు కాపలావాడు అడ్డుపడ్డాడు. అతని సంగతి వేరే చెప్పాలి.

అలా తొలిసారి గుడ్డ ఎక్కించడం సఖీర్‌లోనే, ఈ సీజన్ అయిపోయే ముందు ఒక శుక్రవారం పొద్దున. మావారు లోపల కిటికీ దగ్గర. నేను బయట స్టూలెక్కి గుడ్డ అంచు గాడిలో దూర్చాను. రెండో చివర ఆవిడ భర్త నిలబడి తాడు లాగారు.

తాడు హాయిగా వెళ్ళిపోయింది. గుడ్డ రాలేదు. గాడి మూతి దగ్గరే కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా పోగుపడింది.

"ఏమైందోయ్?" లోపల్నించి మావారు.

"ఏం కాలేదు, మీరు కూర్చోండి," అన్నాను. మళ్ళీ లాగించాను. ఈసారి తాడు మొత్తం ఊడి ఆవిడ భర్త చేతిలోకి వచ్చేసింది.

ఆవిడ చాప మీంచి లేచి వచ్చింది. గుడ్డ అంచు వేళ్ళతో విప్పి చూసింది.

"గిదేంది వదినా, లంగకు నాడ ఎక్కిచ్చినట్టు ఎక్కిచ్చినవ్. గుంజితె కుచ్చులు రాక ఏమొస్తయి?"

నిజమే. చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో లంగాలన్నీ నేనే కుట్టేదాన్ని. తాడు అనగానే నా చేతులు నాడా గొట్టమే కుట్టాయి, వదులుగా, తాడు ఇటూ అటూ ఆడేలా. ఇక్కడ తాడు గుడ్డని పట్టుకుని ఉండాలి.

"బొంత కుట్టినట్టు తాడుల నుంచి సూది తియ్యాలె," అని ఆవిడ గుడారంలోంచి రెండు దబ్బనాలు, నైలాన్ దారం తెచ్చింది. "ఇటు తే."

"నేనే కుట్టుకుంటాను," అన్నాను.

"నువ్వొక్కదానివే కుడితె పొద్దుగూకుతది. అప్పుడు అన్నకు నీడెందుకు?"

కాన్వాసు రెండు చివరలా చెరొకరం కూర్చున్నాం. చెరొక సూదితో మొదలుపెట్టాం. నేను ఊరుకోలేకపోయాను.

"పోయినేడు లోపలే కూర్చోబెట్టమన్నావుగా వదినా."

"ఔ, అట్లనే అన్న. బుక్క బుక్కకు ఇసుకె తగిలింది. నువ్వైతె ఏమందువు?"

నేనైతే ఇంకా పెద్ద మాటే అనేదాన్ని. అది ఆవిడకి చెప్పలేదు. దారం పళ్ళతో తెంపి ఆవిడ సూదిలోకి ఎక్కించి ఇచ్చాను. ఆవిడకి చూపు సరిగా ఆనదని అప్పుడే గమనించాను. అయినా కుడుతోంది, గుడ్డని ముక్కుదాకా తెచ్చుకుని.

"ఇంకా ఎంతోయ్?" కిటికీలోంచి మావారు.

"వొస్తది అన్నా, పెండ్లికి పోవాల్నా ఏంది?" అంది ఆవిడ తలెత్తకుండా.

మేం మధ్యలో కలుసుకునేసరికి ఎండ బాగా ముదిరింది. మళ్ళీ స్టూలెక్కాను. ఈసారి తాడు లాగితే గుడ్డ సన్నటి చప్పుడుతో గాడిలో జారుతూ ఆ చివరదాకా వెళ్ళి ఆగింది. ముందువైపు రెండు గుంజలు నిలబెట్టి, కప్పీల మీదుగా తాళ్ళు తెచ్చి తలుపు పక్కనున్న ఉక్కు కొమ్ములకి చుట్టాం. అప్పుడే ఒక గాలి విసురు వచ్చింది. గుడ్డ పొంగింది, గుంజలు కదిలాయి. అందరూ గిన్నెల మీద మూతలు వేశారు. మావారు గుమ్మంలోంచి చెయ్యి చాపి తాడు ఒక చుట్టు వదిలారు, గాలి పోయాక మళ్ళీ లాగి బిగించారు. గాడి దగ్గర అంచు దారమంత కూడా కదల్లేదు.

"రండి," అన్నాను.

ఆయన మెట్టు మీద కాసేపు నిలబడ్డారు. కింద నీడ ఎంతవరకూ ఉందో చూసుకుని దిగారు. కుర్చీలో కూర్చుని, ఏడాదిగా పగటిపూట బయట విప్పని మేజోళ్ళు విప్పి ఇసకలో పాదాలు పెట్టారు. ఆ ఇసక నీడకి చల్లగా ఉండి ఉంటుంది, వేళ్ళు మెల్లగా లోపలికి దూర్చారు. ఆవిడ టీ తెచ్చి చేతికిచ్చింది. ఆయన గ్లాసు పైకెత్తి చూపించలేదు, తాగారు.

కాసేపటికి అన్నారు, "మధ్యాహ్నం ఎండ అటు పక్కనించి వస్తుందోయ్. వచ్చే ఏడు అటు కూడా గాడి బిగించాలి."

వచ్చే ఏడు అన్నారు. నేను విననట్టే ఉన్నాను. ఎండ జరిగి ఆయన మోకాలి దాకా వచ్చింది. వెనక్కి వెళ్ళి కుర్చీ వీపు పట్టుకుని, ఆయనతో సహా నీడలోకి లాగాను.

"చెప్తే నేనే జరుగుతానుగా," అన్నారు.

"మీరు జరగరు," అన్నాను.