ముప్పైనాలుగు అడుగులు

1954 జూన్‌లో ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బదిలీ అయి, అక్కడొక ఉన్నత పాఠశాలలో సైన్సు అసిస్టెంటుగా చేరాను. ఆరో ఫారం పిల్లలను భౌతికశాస్త్రంలో పబ్లిక్ పరీక్షకు తయారు చేయడం నా పని. సూత్రాలు నల్లబల్ల మీద రాసి పదేసి సార్లు వల్లె వేయించేవాణ్ణి. మార్కులు వచ్చేవి. నేనూ అలాగే ప్యాసయ్యాను కాబట్టి అందులో తప్పు కనిపించలేదు.

వాతావరణ పీడనం పాఠంలో, గాలి బరువు నీటిని ముప్పైనాలుగు అడుగుల ఎత్తు వరకే నిలపగలదని రాయించాను. మార్తమ్మ అనే విద్యార్థిని లేచి, "పెద్ద ఇంజను పెడితే ఇంకా పైకి లాగదా సార్?" అని అడిగింది. అది పరీక్షలో రాదు, కూర్చోమన్నాను. నిజానికి నాకు జవాబు తెలియదు.

నెల తిరక్కముందే ఆమె తండ్రి దానియేలు బడికి వచ్చాడు. మిరప తోటకు ఆయిల్ ఇంజను, పంపు తెచ్చుకున్నాడు. బావిలో నీళ్లు నలభై అడుగుల లోతున ఉన్నాయి.

"పంపు గట్టున పెట్టేదా, లోపల అరుగు కట్టి దించేదా అయివారూ?" అన్నాడు.

నేను కాగితం తీసుకున్నాను. ఒక హార్స్ పవర్ అంటే సెకనులో ఐదువందల యాభై పౌండ్ల బరువును అడుగు ఎత్తు లేపే సామర్థ్యం. ఆ సూత్రంలో అంకెలు వేసి, అయిదు హార్స్ పవర్ల ఇంజనుకు నలభై అడుగులు ఒక లెక్కా అని, గట్టునే పెట్టమన్నాను. గుణకారంలో తప్పు లేదు. పంపు చేసేది గొట్టంలో గాలి తీసేయడమేనని, నీటిని అందులోకి ఎక్కించేది బయటి గాలి బరువేనని నాకు తట్టలేదు.

మార్తమ్మకు తట్టింది. ఇంట్లో చెప్పింది. "అయివారికంటే నీకెక్కువ తెలుసునా?" అని తండ్రి కసిరాడట.

బిగించిన రోజు నన్నూ పిలిచారు. ఇంజను పొగ కక్కింది గాని చుక్క నీరు రాలేదు. వాషరు వదులై ఉంటుందన్నాను. నా మాట మీద మూడు రోజులు గొట్టాలు విప్పడం, బిగించడం. మిరప నారు వాడిపోతోంది. నాలుగో రోజు ఆత్మకూరు నుంచి వచ్చిన మస్తాన్ అనే మెకానిక్ బావిలోకి తాడు వేసి లోతు కొలిచాడు.

"ఇంత పైనుంచి ఏ పంపూ పీల్చదు. ఇరవై అడుగులు కిందికి దించండి. గట్టున పెట్టమని ఎవురు చెప్పినారు?" అన్నాడు.

దానియేలు నావైపు చూడలేదు. "మేమే పెట్టినాంలే" అన్నాడు. పక్కనే మార్తమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. నేను నోరు విప్పలేదు.

పంపు దించాక నీళ్లు వచ్చాయి. అప్పటికి సగం నారు ఎండిపోయింది. ఆ ఏడాదంతా మార్తమ్మ క్లాసులో మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు. నేను రాయించింది రాయించినట్టు రాసి, మంచి మార్కులతో ప్యాసైంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ సూత్రం చెప్పినా అది ఎక్కడ వర్తించదో ముందు చెప్పి, ఆ తర్వాతే బల్ల మీద రాసేవాణ్ణి. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పడమూ అలవాటు చేసుకున్నాను. ఈ రెండూ నాకు నేర్పిన అమ్మాయికి మాత్రం, తప్పు నాదని ఏనాడూ చెప్పలేదు.