ఆడబిడ్డ మీద క్యాసెట్ సేటు హక్కు

సద్దుల బతుకమ్మ నాడు, సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు, అశోక్‌నగర్‌లో మా గల్లీ మొదట్లో క్యాసెట్ సేటు స్కూటర్ ఆపాడు. ఆ రోజుల్లో పాటకు యజమాని ఉంటాడని మాకు తెలియదు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ నోరున్నది ఒక చరణం ముందర అనేది, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ అందుకునేవాళ్లు. ఏ కోడలి బాధ ఆ కోడలు ఒక చరణంగా కలిపేది. మా అత్త పాడే పాటలో నేను కలిపింది మా ఆడబిడ్డ గురించి. (పండుగకు చేసిన సత్తుపిండి దాచుకుని నాకు ఖాళీ గిన్నె చూపించేది. పాటలో అంటే ఎవరూ తప్పు పట్టరు.) ముందటి ఏడు ఈ సేటే మమ్మల్ని నారాయణగూడలో ఒక గదికి తీసుకుపోయి, చాయ్ పోయించి, ఆ పాట మా అత్తతో పాడించుకున్నాడు. చిక్కడపల్లి దుకాణాల్లో క్యాసెట్ వేలాడింది. అట్ట మీద సేటు మొహం ఉంది, మా అత్త పేరు లేదు. (నాకప్పుడు అక్షరం రాదు, మా ఆడబిడ్డే చదివి చెప్పింది.)

ఇప్పుడు అదే పాట మా గల్లీ మైకులో వినపడేసరికి వచ్చి, మైకు పెట్టినాయనతో, "బంద్ చెయ్యన్నా. గా పాట హక్కులన్నీ మా కంపెనీవి. మైకుల పాడాలంటే పర్మిషన్ కావాలె" అన్నాడు. మైకాయన భయపడి తీగ పీకేశాడు. నా ఒళ్లు మండిపోయింది. "మా అత్త వాళ్లమ్మ కాడ నేర్చుకున్న పాటకు నీ పర్మిషన్ ఏంది?" అన్నాను. క్యాసెట్ అట్ట నా మొహం ముందు పెట్టి, "ఈడ రాసుంది, చదువుకో అక్కా" అన్నాడు. చదువు రాదని తెలిసే అన్నాడు. ఆ మంట ఈ రోజుకూ చల్లారలేదు.

మా అత్త మాత్రం నిమ్మళంగా, "పాట నీదైతే నువ్వే ముందర అను బిడ్డా, మేం అందుకుంటం" అంది. ఆడవాళ్లు చుట్టూ చేరి చప్పట్లు మొదలుపెట్టారు. నడుమ చిక్కిన సేటు, పరువు పోతుందని, గొంతు సవరించుకున్నాడు. క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది: తన ఆడబిడ్డ సత్తుపిండి దాచిందని, తనకు ఖాళీ గిన్నె చూపిందని, అంత మీసమున్న మనిషి మొరపెట్టుకున్నాడు.

మా ఆడబిడ్డ ముందుకొచ్చింది. "గా ఆడబిడ్డను నేనే, అన్నా. నా మీద గూడ హక్కు నీదేనా? అయితే పండుగలకు మీ ఇంటికే వస్త, చీరలు పెట్టి పంపు."

సేటు స్కూటర్ ఎక్కాడు. మేం మైకు లేకుండానే పాడుకున్నాం, గెలిచామనుకున్నాం. మరుసటి ఏడు ఆ పాటంటే మైకాయన మైకే ఇవ్వలేదు. ఆ తర్వాత క్యాసెట్ వేరే గొంతుతో వచ్చింది. అందులో నా చరణం లేదు. గల్లీ ఆడపిల్లలు మా అత్తనే ఆపి, "గట్ల కాదు నానమ్మా, క్యాసెట్ల గట్ల లేదు" అని దిద్దారు. పాట ఎత్తుకుపోయింది చాలక, మా పాట మాకే తప్పయ్యేట్టు చేశాడు.

జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకుని నేను మొదట రాసుకున్నది ఆ చరణమే. కింద నా పేరు పెట్టబోయి ఆగాను. సత్తుపిండి దాచింది మా ఆడబిడ్డ కదా, సగం ఆమెది.

ఆ సాయంత్రం అక్కడున్నది మా అత్త, మా ఆడబిడ్డ, గల్లీ ఆడవాళ్లు, మైకాయన, సేటు, ఖాళీ గిన్నె మీద చరణం కట్టిన నేను.