గళ్ళలో ముఖం

రైల్లో నా ఎదురు సీటులో తన అక్కతో కూర్చున్న చిత్రకారుణ్ణి గుర్తుపట్టాను. ఒకప్పుడు సినిమా హోర్డింగులు వేసేవాడు. ఫొటోమీద గళ్ళు గీసుకుని, గడికో ముక్క చొప్పున ముఖాన్ని గోడంత పెంచేవాడు. ముఖాలను ముక్కలు చేసి చూపిన పరాయి దేశాల చిత్రకారుల పుస్తకాలు చేతికందాక, ఆ గళ్ళనే తారుమారు చేసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఒక్క ఫొటో కూడా మిగలని తల్లి బొమ్మను అక్క ఇప్పుడు గీయమంది. పెన్సిలు చకచకా నడిచింది.

"అమ్మ ముక్కు చెవిదాకా ఎందుకు పోయిందిరా? ఇది మా ఇంటి గోడకి, నీ ఎగ్జిబిషన్‌కి కాదు!" అని అక్క నవ్వింది.

నాలుగో కాగితం మీదా ముఖం చీలిపోయింది.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోరా," అంది, ఈసారి నవ్వకుండా.

"ఇలాగే గుర్తొస్తోందక్కా."

రైలు ఆగింది. వాళ్ళు దిగాల్సింది కాని ఆ స్టేషన్లో, అక్కను సీట్లోనే వదిలి, చెప్పాపెట్టకుండా దిగి నడిచిపోయాడు.