ఆరున్నర మిల్లీమీటర్ల పంచాయితీ

మా పెద్దోడు పోయాడని మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. మార్చి నెలలో ఒక పొద్దున ఉద్యోగానికి వెళ్లి, ఫ్యాక్టరీ పార్కింగ్‌లో కారు దిగుతూనే కూలిపోయాడట. గుండె. ఆ కబురు తెచ్చింది మా కోడలు. బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చింది. ఆమె జర్మన్ పిల్ల, నేను జగిత్యాల దాన్ని. మా ఇద్దరికీ మొదటి రోజు నుంచీ కుదిరిన సంగతి ఒక్కటే, ఇంట్లోకి చెప్పులు రాకూడదు. అలాంటిది బురద బూట్లతో వచ్చేసరికి "ఏందమ్మా అది" అని కసిరాను. కసిరిన తర్వాత ముఖం చూశాను.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ కోపమే. మన తెలుగువాళ్ల పత్రికకు వాడి గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. నేను చదివింది అయిదో తరగతి, తప్పులుంటే మీరే సర్దుకోండి. వాడి మంచి గుణాలు రాయమన్నారు. ముందు వాడు నన్ను ఎంత విసిగించాడో రాస్తాను. మంచి గుణాలు ఏమన్నా ఉంటే అందులోనే దొరుకుతాయి.

వాడికి ఏదీ ఒక పట్టాన తేల్చడం రాదు. చిన్నప్పుడు బడికి చెప్పులు కొనడానికి తీసుకుపోతే దుకాణమంతా పరిపించి, అన్నీ తొడుక్కుని నడిచి, చివరికి ఉత్త కాళ్లతో ఇంటికొచ్చేవాడు. లైప్‌జిగ్‌లో చదివాడు, ష్వైన్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేశాడు, అక్కడే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి ఒక్కటే తొందరగా తేల్చాడు, అదీ ఆ పిల్ల తేల్చింది కాబట్టి. మా ఆయన పోయాక నన్నూ తెచ్చి పెట్టుకున్నాడు.

కోడలి తండ్రి, అంటే మా వియ్యంకుడు, వేటగాడు. ఇక్కడ వేట అంటే మనం అనుకున్నట్టు ఊరికే తుపాకీ పట్టుకుని అడవిలో పడడం కాదు. నెలల తరబడి చదవాలి, పరీక్ష రాయాలి, లైసెన్సు తెచ్చుకోవాలి. మామగారిని సంతోషపెట్టడానికని మావాడు ఆ పరీక్ష రాశాడు. రాసి ఆయనకంటే ఎక్కువ మునిగిపోయాడు. ఇంటికి జింక మాంసం వస్తే వండేది నేను, తినేది మేమందరం. కోడలు ముట్టదు. ఆమె ఒక్కతే మా ఇంట్లో శాకాహారి.

నిరుడు మా మనవరాలు కూడా ఆ పరీక్ష పాసైంది. పదహారేళ్లు నిండాయి దానికి. ఇక్కడ ఆ వయసుకే చిన్నవాళ్ల లైసెన్సు ఇస్తారు. కాకపోతే పక్కన లైసెన్సున్న పెద్దవాళ్లు ఉండాలి, తుపాకీ పెద్దవాళ్ల పేరు మీదే ఉండాలి. అంతవరకు బాగానే ఉంది. పిల్లకు ఏ తుపాకీ అన్న దగ్గర మొదలైంది మా ఇంట్లో పంచాయితీ.

తుపాకీలన్నీ ఒకటి కాదట. గొట్టం లోపలి రంధ్రం కొలతను కాలిబర్ అంటారు. దాన్నిబట్టి తూటా, తూటాను బట్టి దెబ్బ. ఈ చుట్టుపక్కల పొలాల్లో ఎక్కువగా తిరిగేది రే అనే చిన్న జింక, మన మేకంత ఉంటుంది. దానికి సన్న తూటా చాలు. అడవిపందికీ, పెద్ద దుప్పికీ మాత్రం ఆరున్నర మిల్లీమీటర్లకు తక్కువ పనికిరాదని ఇక్కడి చట్టం. మా వియ్యంకుడిది ఎనిమిది మిల్లీమీటర్ల తుపాకీ, వాళ్ల నాయన నాటిది. "నేను పదహారేళ్లప్పుడు దీంతోనే కొట్టాను, దీనికేమైంది?" అంటాడాయన. మావాడేమో పిల్లకు సన్నది కావాలంటాడు. ఎంత సన్నది అంటే చెప్పడు. ఆరుంబావు చూస్తాడు, బాగుందంటాడు, పంది ఎదురైతే ఎట్లా అని పక్కన పెడతాడు. ఇంకోటి చూస్తాడు, బరువంటాడు.

శీతాకాలమంతా ఇదే గోల. నా కుట్టుమిషను టేపు తీసుకుపోయి పిల్ల చేయి కొలిచేవాడు, భుజం కొలిచేవాడు, మెడ కొలిచేవాడు. నేను పప్పు గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని.

"ఒరేయ్, అన్నం సల్లారిపోతున్నది."

"ఒక్క నిమిషమే అమ్మా."

"అది ఎదిగే పిల్లరా. ఎట్లయినా రెండేండ్లల్ల ఇంకింత పెరుగుతది. కొంచెం పెద్దదే కొను, మల్ల మల్ల ఏం కొంటవ్?"

వాడు టేపు మెడలో వేసుకుని నన్ను చూశాడు. "అమ్మా, ఇది లంగా కాదు, కింద మడత పెట్టి కుట్టి, పెరిగినంక ఇప్పుకోనీకి. నువ్వు కొన్న బూట్లల్ల దూది కుక్కుకొని పదో తరగతి దాకా నడిచిన. దీంట్ల ఏడ కుక్కాలె దూది?"

పిల్ల పడీ పడీ నవ్వింది. నేను చెప్పినదాంట్లో తప్పేముందో నాకు అర్థం కాలేదు. మీరు చెప్పండి, మీ పిల్లలకు కోటు కొన్నా సైకిలు కొన్నా ఒక సైజు పెద్దదే కదా కొంటారు?

వియ్యంకుడికి నా మాట ఎంత నచ్చిందో! మావాడు ఆయనకు నన్ను చెల్లెమ్మా అని పిలవమని నేర్పాడు. "చెల్లెమ్మ సరిగ్గా చెప్పింది" అని బల్ల మీద చరిచాడు. అలా నేను తెలియకుండానే ఎనిమిది మిల్లీమీటర్ల పార్టీలో చేరిపోయాను.

అప్పుడు మావాడు మమ్మల్నందరినీ షూటింగ్ స్టాండుకు, అంటే గురి చూసి కాల్చడం నేర్చుకునే చోటికి, తీసుకుపోయాడు. చెవులకు పెద్ద పెద్ద డిప్పలు పెట్టి నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. తాతగారి తుపాకీతో పిల్ల కాల్చింది. ఒకటి, రెండు, బాగానే పేలాయి. మూడోసారి మీట నొక్కితే టిక్కుమంది, పేలలేదు. పేలకపోయినా గొట్టం ముందుకు ఊగింది, పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. మావాడు తూటాల మధ్యలో ఒక ఉత్త తూటా కలిపాడట, మందు లేనిది, దానికి చెప్పకుండా. వెనక్కి తన్నుతుందని భుజం ముందే భయపడుతోందా లేదా అని చూడడానికి. అక్కడే అడిగి తెచ్చిన సన్న తుపాకీలో కూడా అలాగే కలిపాడు. అందులో టిక్కుమన్నప్పుడు గొట్టం బల్ల మీద పెట్టినట్టే ఉంది.

"చూసినవా అమ్మా?" అన్నాడు. "భుజం భయపడితే కన్ను మూసుకుంటది. కన్ను మూసుకుంటే తూటా కాలికి తగుల్తది. అది సావదు, కుంటుకుంట పోతది. రాత్రంతా."

చూశాను. అప్పుడే పార్టీ మారాను. కానీ వియ్యంకుడు మారలేదు. అది ఆడపిల్ల కాబట్టి, కొత్త కాబట్టి, అలవాటైతే పోతుంది అన్నాడు. "నేను ఇన్నేళ్లు కాల్చాను, నాకెప్పుడన్నా భుజం భయపడిందా?"

కారులో అడిగాను. "ఆ ఉత్తది ఆయనకు పెట్టరాదురా, తెల్వదా ఆయన సంగతి?"

"మామకు ఎట్ల పెడ్తమే? మర్యాదుండదా?"

అదీ వాడి సంగతి. ఇరవై ఏళ్లు ఈ దేశంలో ఉన్నాడు, బాసును పేరు పెట్టి పిలుస్తాడు, మామగారి ముందు మాత్రం కాలు మీద కాలు వేసుకోడు. ఆయన ముఖం మీద ఆయన్ని తప్పు అనలేక, ఒక్క పూటలో తెగే మాటను చలికాలమంతా సాగదీశాడు. అడిగినప్పుడల్లా "చూద్దాం మామా" అనేవాడు. ఆ చూద్దాం అనే మాట వినీ వినీ నా చెవులు తుప్పుపట్టాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మన బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు మీలోనే ఒకావిడ "ఆడపిల్లకు భరతనాట్యం నేర్పించాలి గానీ తుపాకీ ఏమిటండీ?" అంటే, "ఆంటీ, రెండిట్లోనూ కన్ను చెదరొద్దు, అంతే" అని నవ్వించాడు. ఆమెకు టక్కున జవాబు చెప్పగలిగినవాడికి మామ ముందు నోరు లేవలేదు. చివరికి మార్చి వచ్చింది, వాడు వెళ్లిపోయాడు. ఆ పంచాయితీ మా నెత్తిన పెట్టి.

ఇక్కడే దహనం చేశాం. ఆ తర్వాత ఇల్లు ఎలా ఉందో రాయను, మీకు తెలుసు. మే నెల మొదట్లో మగ రే జింకల వేట తెరుస్తారు. వియ్యంకుడు ఒకనాడు వచ్చి, ఆ ఎనిమిది మిల్లీమీటర్ల తుపాకీని ఇక నా మనవరాలికే ఇస్తాను, తండ్రి లేని లోటు తెలియకుండా నేనే మంచెకు తీసుకుపోతాను అన్నాడు. ఇక్కడ కూడా పొలం గట్టున మంచెలే, మనకు చేలో ఉన్నట్టే. ఆయన కళ్లలో నీళ్లు. "యా, ఓపా" అంది పిల్ల, అంటే సరే తాతా అని. దానికీ తండ్రి రోగమే పట్టింది, పెద్దవాళ్లకు ఎదురు చెప్పలేదు.

ఆయన వెళ్లాక వంటింట్లోకి వచ్చింది.

"నానమ్మా, నాకు ఆ తుపాకీ వద్దు."

"మరి చెప్పకపోయినవ్?"

"ఓపా ఏడుస్తున్నాడు కదా. హౌ కెన్ ఐ?"

"నువ్వు మర్యాద చేసి దాంతోటి కాల్చు, ఆ జింక కుంటుకుంట పోనీ. అదేం పాపం చేసింది మీ మర్యాదకు?"

అనేసి చూశాను. పిల్ల ముఖం వాళ్ల నాన్న ముఖంలా అయిపోయింది. దానికి ఏ తుపాకీ అన్నది ఇక నేను తేల్చాలి. తుపాకీ వియ్యంకుడి పేరు మీదే కొనాలి, మంచె మీద పక్కన కూర్చునేదీ ఆయనే. ఆయన ఒప్పుకోనిదే ఏదీ జరగదు. నాకేమో జర్మన్ భాష రొట్టె కొనేంత మాత్రమే వచ్చు.

మళ్లీ షూటింగ్ స్టాండుకు పోదాం అన్నాను. వియ్యంకుడు సంతోషించాడు, ముసలామెకు సరదా పుట్టిందనుకున్నాడు. అక్కడికి పోయాక పిల్లతో చెప్పాను, "మీ ఓపాను ఒకసారి కాల్చి చూపించమను. తూటాలు నువ్వే అందియ్యి. మధ్యల మీ నాయన చేసింది చెయ్యి."

పిల్ల కళ్లు ఇంతయ్యాయి. "నానమ్మా, నైన్!" అంది, అంటే వద్దు అని.

"నైను లేదు, పైను లేదు. మీ నాయన చేయకనే ఇంతదాక వచ్చింది. వియ్యంకుడు నాకు, నీకు కాదు. తిడితే నన్ను తిట్టనీ."

మన వైపు వియ్యంకుడి ముందు వియ్యపురాలు గొంతు కూడా పెద్దది చేయదు. నేను ఆయన వెనక బెంచీ మీద కూర్చుని చెవులకు డిప్పలు పెట్టుకున్నాను. ఒకటి పేలింది, బెంచీ అదిరింది. రెండోది పేలింది. మూడోదానికి టిక్కుమంది.

గొట్టం కిందికి దిగబడింది. డెబ్భై దాటిన మనిషి, ఆ పెద్ద భుజం ముందుకు ఉరికింది.

ఆయన తుపాకీ తెరిచి, ఆ ఉత్త తూటాను అరచేతిలో వేసుకుని చూశాడు. తర్వాత పిల్ల వైపు, పిల్ల నా వైపు. ఆయన లేచి నా దగ్గరికి వచ్చి ఏదో అన్నాడు. కోపమో ఏమో నాకు తెలియలేదు.

"ఏమంటున్నడే?" అని అడిగాను.

పిల్ల ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. "నాన్న ఎందుకు ఇది ఎప్పుడూ తనకు చెయ్యలేదు అంటున్నారు."

"మర్యాద అని చెప్పు."

ఆ మాటకు జర్మన్‌లో ఏమంటారో గానీ పిల్ల చాలాసేపు చెప్పింది. ఆయన నా పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాడు. "చెల్లెమ్మా" అన్నాడు, తల అడ్డంగా ఊపాడు, నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు. అల్లుడి మీద ఆయనకూ కోపం వచ్చిందని అప్పుడు నాకు తెలిసింది. మేమిద్దరం ఒకే మనిషి మీద కోపంగా ఆ బెంచీ మీద కూర్చున్నాం.

ఆ వారమే ఆరున్నర మిల్లీమీటర్లది కొన్నారు, వేరేవాళ్లు వాడింది, తేలికది. భుజానికి ఆనించే వెనక కర్రను, బట్ అంటారట, పిల్ల చేయికి సరిపోయేలా కోయించింది ఆయనే. ఎదిగాక ఏం చేస్తారని నేను అడగలేదు.

మీ పిల్లలు కూడా కొందరు ఈ కోర్సుకు పోతున్నారని విన్నాను. నాకు తుపాకీ గురించి ఏమీ తెలియదు. తండ్రికి ఏది నచ్చింది, తాతకు ఏది ఉంది అని చూడకండి. పిల్ల భుజాన్ని అడగండి. మావాడు చెప్పింది అదే, వాడి పద్ధతిలో నాన్చి నాన్చి.

మే నెలలో ఒక సాయంత్రం తాత, మనవరాలు మంచె ఎక్కారు. నేనూ కోడలూ గట్టు దగ్గర కారులో కూర్చున్నాం. కోడలు నా చేయి పట్టుకుంది. ఎండ ఇంకా పోలేదు, ఆవచేను పచ్చగా మెరుస్తోంది. ఒక్కటే చప్పుడైంది. రెండోది వస్తుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టాం. రాలేదు.

కాసేపటికి చేను పక్క నుంచి పిల్ల వచ్చింది. పడినచోటే పడిందట, ఒక్క అడుగు వేయలేదట. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. చచ్చిన జింక నోట్లో ఒక పచ్చని ఓక్ చెట్టు కొమ్మ పెడతారు, అది దాని చివరి ముద్ద. ఇంకో కొమ్మను దాని నెత్తుటికి తాకించి కొట్టినవాళ్లకు ఇస్తారు, టోపీకి పెట్టుకోవాలి. పిల్ల టోపీ తేలేదు. ఆ కొమ్మ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలో పట్టుకుని నా ముందు నిలబడింది. కళ్ల నిండా నీళ్లు.

మా ఆయన పోయాక నేను పూలు ముట్టలేదు, ఎవరి తలలోనూ పెట్టలేదు. పిల్లను వెనక్కి తిప్పి, జడ పాయల మధ్య ఆ ఓక్ కొమ్మ దోపాను. ఇంటికి వచ్చేదాకా పిల్ల ముందు సీట్లో కూర్చుంది. దాని జడలో నాలుగు ఆకులు, ఒక ఆకు మీద ఎండిపోతున్న ఎర్రని చుక్క, కారు మలుపు తిరిగినప్పుడల్లా కొంచెం కొంచెం ఊగుతూ.