రెండు పక్కలా ఒకటే చిలక

ప్రొద్దుటూరు పార్వతమ్మకు సూది పట్టడం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఆమె బతుకంతా పూలకుట్టు మీదే నడిచింది. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మగ్గం నేసే ఇంటికే కోడలై వచ్చింది. నూలు దొరక్క మగ్గం మూలన పడ్డ ఏడు, తన పని తానే వెతుక్కుంది. బజారులో ఆదినారాయణ శెట్టి బట్టల కొట్టు నుంచి రవికె గుడ్డలు తెస్తుంది. చిల్లులు పొడిచిన కాగితం గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన నీలిమందు రుద్ది, పువ్వో చిలకో అచ్చు దించుతుంది. మూట చంకన పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కుతుంది. అక్కడ ఐదిళ్లలో, గడప దాటని ఆడవాళ్లు ఆ అచ్చుల మీద రంగుదారాలతో కుడతారు. పదిరోజుల తర్వాత పోయి తెచ్చి, చాకలితో ఉతికించి, శెట్టికి అప్పజెబుతుంది. నాలుగు గుడ్డలు, ఆరు గుడ్డలు, పండగొస్తే పది. అంతకు మించి ఆమె ఆశపడలేదు.

నోరు మాత్రం చెడ్డది. కుట్టిన గుడ్డ చేతికి రాగానే తిరగేసి చూసేది. లోపలివైపు ముడులు కనిపిస్తే, "ఇదేంది మే, గుడ్డకు అమ్మవారు పోసినట్లుండాది" అనేది. ఆడవాళ్లు నవ్వుకుంటూనే తిట్లు పడేవాళ్లు. మళ్లీ పని తెచ్చేది ఆమే కదా!

ఆ ఐదిళ్లలో చివరిది మెహబూబున్నీసాది. ఆమె భర్త ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూస్తాడు. ఆమె గుడ్డలను పార్వతమ్మ ఏనాడూ తిరగేయలేదు. మొదటిసారి నుంచీ పైకి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. వంక లేని మనిషిని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? మడత పెట్టి ఇస్తే మూటలో వేసుకుని వచ్చేసేది. అట్లా ఏడేళ్లు గడిచాయి.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మూడో ఏడు, ప్రొద్దుటూరులో మద్రాసు నుంచి ఎంబ్రాయిడరీ మిషను దిగింది. జనం తిరునాళ్లకు పోయినట్లు పోయి చూసొచ్చారు. శెట్టి కూడా చూశాడు. మర్నాడు పార్వతమ్మను పిలిపించాడు.

"పులివెందుల నిర్మలమ్మగారింట్లో పెండ్లి. పూలకుట్టు రవికెలు పన్నెండు కావాలంట. ఆరు నీకిస్తా, ఆరు మిషనుకిస్తా. ఆయమ్మ ఏవి మెచ్చుకుంటే ఇంక మనం ఆ దావనే పోదాం" అన్నాడు.

"అంటే నా ఐదిండ్లు యాడికి పోవాల అప్పా?"

"నీ ఆడోళ్లు పదిదినాలు తీసుకుండేది మిషను ఒక పూటలో చేస్తాది పార్వతమ్మా. నేనూ అంగడి నడపాల గదా."

శెట్టి చెడ్డవాడు కాదు. అందుకే ఆమెకు భయం వేసింది. చెడ్డవాడైతే తిట్టి పోయేది.

వంక రాకూడదని ఆరు గుడ్డలూ తీసుకుపోయి మెహబూబున్నీసా ఒళ్లో పెట్టింది. రవికె చేతికొక చిలక. రెండు చిలకలూ పెళ్లికూతురి రొమ్మువైపే చూడాలి. అదీ అచ్చు. ఐదిళ్ల పొయ్యిలు ఈ ఆరు గుడ్డల మీద ఉన్నాయని మాత్రం చెప్పలేదు. చెబితే చెయ్యి వణుకుతుందని ఆమె భయం.

కుట్టు పూర్తయ్యాక గుడ్డలు పులివెందులకు చేరాయి. నిర్మలమ్మగారింటికి ఆస్థాన దర్జీ ఇస్మాయిల్ ఉన్నాడు. మిషను గుడ్డలూ, చేతి గుడ్డలూ అతనే రవికెలుగా కుట్టాడు. శెట్టీ పార్వతమ్మా ముద్దనూరు మీదుగా పోయే బస్సులో బయల్దేరి, మిట్టమధ్యాహ్నానికి ఆ ఇంటి నడవలో చేరారు. వైశాఖం ఎండ. చాప మీద పన్నెండు రవికెలూ వరసగా పరిచి ఉన్నాయి.

మిషను రవికెలు ధగధగ మెరుస్తున్నాయి. ఏం దాచుకోవాలి, వాటి పక్కన తన రవికెలు పార్వతమ్మకే వెలవెలబోయినట్లు కనిపించాయి. నిర్మలమ్మ ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ, చేతికుట్టు రవికెల దగ్గర ఆగింది.

"ఏమ్మే పార్వతమ్మా, ఈ రెండిట్లో ఒక చిలక ముందుకు చూస్తాంది, ఒకటి వీపు తట్టు చూస్తాంది. అలిగి ఆ పక్కకు తిరిగిందా ఏంది?"

నడవలో ఆడవాళ్లంతా నవ్వారు. శెట్టి నవ్వలేదు. కాగితం తిరగేసి అచ్చు దించినట్లున్నానే, నా చేతులారా నేనే ఐదిళ్లు ముంచానే అనుకుంది పార్వతమ్మ. రవికె తీసుకుని, చిలక వీపు తట్టు తిరిగిన దాని ఎడమచేతిని లోపలి నుంచి బయటికి తిరగేసింది.

చిలక అక్కడా ఉంది.

అదే పచ్చ, అదే ముక్కు, మెడ చుట్టూ అదే ఎర్ర దారం. కంటి చుట్టూ వెంట్రుకంత నల్లగీత కూడా అట్లాగే తిరిగింది. ముడి లేదు. దారం కొస లేదు. ఇప్పుడు మాత్రం అది బుద్ధిగా రొమ్మువైపే చూస్తోంది. పార్వతమ్మ మళ్లీ తిప్పింది. మళ్లీ తిప్పింది. ఏది పైనో, ఏది లోపలో ఆమెకే తెలియలేదు.

ఇస్మాయిల్‌ను పిలిపించారు. ముసలాయన వచ్చి, రవికె ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసి బొటనవేలితో రుద్దాడు. చాలాసేపు రుద్దాడు.

"తప్పు నాదేనమ్మా. ముప్పై ఏండ్లసంది లోపలిపక్క యాదో ఈ వేలే చెప్తాంది నాకు. ముడి తగిలితే లోపల. నేను చిలక మొగం ఏనాడు చూసినా? ఈ ఆరిట్లో వేలికి ఏం తగల్లే. నాకు తెలీక రెండిట్లో ఒక చెయ్యి తిరగేసి కుట్టినా" అన్నాడు. తర్వాత పార్వతమ్మ వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "ఇది కుట్టినాయమ్మ యాడుంటాది మే?"

నిర్మలమ్మ ఆ రవికెను లోపలివైపు చెంపకు ఆనించుకుని చూసింది. శెట్టి, ఎవరూ చెప్పకుండానే, మిషను రవికె ఒకటి తిరగేశాడు. లోపల తెల్లదారం చిందరవందరగా, ఎలుక కొరికినట్టుంది. పెళ్లికూతురు దాన్ని మోచేతికి రాసుకుని, "అబ్బా, గీరుకుంటాంది" అని వదిలేసింది. ఇస్మాయిల్ ఆ రెండు చేతులూ విప్పి, అక్కడే కూర్చుని సరిచేశాడు. చేతికుట్టు ఆరూ ఆ ఇంట్లో ఉండిపోయాయి, మిషనువి శెట్టి మూటలోకి తిరిగొచ్చాయి.

వీధిలోకి వచ్చాక శెట్టి గొంతు సవరించుకున్నాడు. "దసరాకు ముప్పై గుడ్డలిస్తా. ఐదిండ్లూ పంచుకోండి. మిషనుకు వేరే సరుకు సూచ్చాలే" అన్నాడు. లోపలివైపు దారాలు తేలిన రవికెను ఆమె చేతిలో పెట్టి, "ఇది ఆయమ్మకు చూపీ" అన్నాడు.

పార్వతమ్మ ఇంటికి పోలేదు. ముద్దనూరులో బస్సు మారి నేరుగా జమ్మలమడుగులో దిగింది. దారంతా ఒకటే ఆలోచన. ఏడేళ్లు ఎన్ని వందల చిలకలు మూటగట్టి మోసిందో, ఒక్కటంటే ఒక్కటి తిరగేసి చూడలేదు. తిట్టడానికున్న కళ్లు మెచ్చుకోవడానికి లేకపోయాయి. ఆ సిగ్గు ముందు పెద్ద ఆర్డరు సంతోషం కూడా చిన్నదైపోయింది.

మెహబూబున్నీసా వంటింటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. పార్వతమ్మ మిషను ఊసు తప్ప జరిగిందంతా చెప్పింది. చెప్పి, ఆగలేక అడిగేసింది.

"లోపలిపక్క ఎవురు చూస్తారని మే ఇంత పాటు పడ్తాండావు?"

మెహబూబున్నీసాకు ప్రశ్నే అర్థం కాలేదు. "పాటేముందక్కా? మా అమ్మ ఇట్లనే చూపించింది. లోపల వేరేగా ఉంటాదా? తొడుక్కునేటోళ్లకు తగిలేది అదే గదా."

"అందరూ ఇట్లనే కుడతారనుకుంటాండావా?"

"నేను యాడ చూసినా అక్కా, వేరేవాళ్ల కుట్టు?"

నిజమే. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఈ గడపలోనే ఉంది. తన పక్కన పెట్టి చూసుకోవడానికి ఆమెకు ఇంకొకరి చిలక దొరకలేదు. తన చేతిలో ఏముందో ఆమెకు తెలియదు. పార్వతమ్మకు దండం పెట్టాలనిపించింది, పెడితే ఆ పిల్ల బెదిరిపోతుందని ఊరుకుంది. శెట్టి ఇచ్చిన మిషను రవికె తీసి చేతికిచ్చింది.

మెహబూబున్నీసా దాన్ని తిరగేసింది. నవ్వుతుందనుకుంది పార్వతమ్మ. గర్వపడినా తప్పులేదనుకుంది. ఆమె మొహం మాత్రం చిన్నబోయింది. లోపలి దారాలను వేలితో నిమిరి, చాలాసేపు చూసింది.

"పాపం, ఎవురక్కా ఈ పిల్ల? జరమొచ్చి పెయ్యి కాల్తాన్నా కూచ్చోబెట్టి కుట్టించినట్టుండారు" అంది.

బియ్యం చేట పక్కకు జరిపి, దారాల డబ్బా దగ్గరికి లాక్కుంది. "ఈడ పెట్టిపో అక్కా. లోపలంతా సర్ది ఇస్తాలే. ఆ పిల్లను ఏమీ అనొద్దని చెప్పు."

అది కుట్టింది మిషనని పార్వతమ్మ చెప్పలేకపోయింది. పక్కన కూర్చుని, సూదిలోకి దారం ఎక్కడం చూసింది.